అన్నం తినండి, అత్తయ్యా

"ఒంట్లో వేడి చేసింది. ఈవేళ బూడిద గుమ్మడికాయ సూప్ పెట్టు," అంది అత్తగారు.

అప్పుడు మన్‌యీ ఆవిడ వీపు తోముతోంది. స్నానాలగది కిటికీ జానెడు తెరుచుకుని ఆగిపోతుంది. ఆ సందులోంచి గాలి రావడం లేదు కానీ పక్కింటి మరీన్ రేడియో వస్తోంది. ఈ ఎండలు వారాంతం దాకా తగ్గవని నాలుగు రోజులుగా అదే మాట, అదే సంబరం. ఇవి చలిని బయట ఆపడానికి కట్టిన ఇళ్ళు. లోపలికొచ్చిన వేడిని ఇక వదలవు.

"సరే అత్తయ్యా."

"ఎముకలు ఓ పొంగు రానిచ్చి ఆ నీళ్ళు పారబొయ్యి. పోయినసారి నీచు కంపు కొట్టింది."

"సరే అత్తయ్యా."

"బార్లీ ఉందా?"

లేదు. "బజారుకెళ్ళి తెస్తాను."

"ఉందో లేదో ముందే చూసుకునేదాన్ని ఇల్లాలంటారు," అంది ఆవిడ. ఎడమ చెయ్యి తనంతట తనే ఎత్తింది, కుడి చెయ్యి మన్‌యీ ఎత్తేదాకా ఆగింది. పక్షవాతం వచ్చి రెండేళ్ళు దాటింది. ఆ కుడి చెయ్యి ఎత్తి, చంక కడిగి, తుడిచి, పౌడరు అద్ది, చొక్కా చేతిలోకి దూర్చేటప్పుడు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఈ రెండేళ్ళలో వాళ్ళ మధ్య కుదిరిన ఒప్పందం అదొక్కటే.

ఈ దేశం రావడానికి నింపిన కాగితాల్లో మొదటి గడిలో మన్‌యీ పేరుంది. హాంగ్‌కాంగ్‌లో తెల్లవాళ్ళ రోజులు ముగిసిపోతున్నాయనగా ఆమె తండ్రి వరసలో నిలబడి పిల్లలందరికీ బ్రిటిష్‌వాళ్ళిచ్చే పాస్‌పోర్టు రాయించాడు. ఆమె భర్త కిన్‌బో అప్పటికి సరిహద్దు అవతల చైనాలో ఉన్నాడు, అతనికా అవకాశం లేదు. అందుకని దరఖాస్తు ఆమెది. కింద, 'ఆధారపడినవారు' అన్న చోట మూడు పేర్లు. భర్త, కూతురు, అత్తగారు. మరో పేజీలో 'ఈమె సంరక్షణ ఎవరు చూస్తారు' అన్న ప్రశ్న ఎదురుగా కిన్‌బో మళ్ళీ ఆమె పేరే రాశాడు. రాసి, కలం మూతపెట్టి, "చూశావా, అన్నిచోట్లా నువ్వే," అని నవ్వాడు. ఆ నవ్వులో ఆమె కూడా కలిసింది. అప్పటికది నిజంగా హాస్యంగానే అనిపించింది.

బట్టలు తీగ మీద వేయడానికి వెనక తోటలోకొచ్చింది. మగవాళ్ళ చొక్కాలు పై తీగ మీద, ఆడవాళ్ళ లోపలి బట్టలు కింద తీగ మీద. అత్తగారు వంటింటి తలుపు దగ్గర కుర్చీలో కూచుని గమనిస్తూనే ఉంటుంది. పచ్చగడ్డి ఎండి గడ్డం గీసుకోని మొహంలా ఉంది. మధ్యలో పొట్టి కంచె, అవతల మరీన్. డెబ్భై దాటిన మనిషి, మడతకుర్చీలో రెండు గుడ్డపీలికలు కట్టుకుని, కాల్చిన రొయ్యలా ఎర్రగా పడుకునుంది.

"ఎంత బాగుందమ్మా ఎండ! ఇంకా ఆ గొడుగేంటి నీకు, వానెక్కడుంది?"

మన్‌యీ నవ్వింది. తీగ దగ్గరికి కూడా ఆమె గొడుగేసుకునే వస్తుంది.

"నేను పొయ్యి ముట్టుకుని వారమైంది. హామ్ ముక్క, రెండు దోసకాయ చెక్కలు, అంతే. మీ ఇంట్లో మాత్రం రోజూ ఏదో ఉడుకుతూనే ఉంటుంది. ఏంటమ్మా అది?"

"సూప్. ఒంట్లో వేడి తగ్గడానికి."

"మూడు గంటలు పొయ్యి వెలిగిస్తే వేడి తగ్గుతుందా?"

"తాగేవాళ్ళకి తగ్గుతుంది," అంది మన్‌యీ.

మరీన్ పగలబడి నవ్వింది. అది జోకని మన్‌యీకి అప్పటిదాకా తెలీదు.

నవంబరులో వచ్చారు వాళ్ళు, వారింగ్టన్ అనే ఈ ఇంగ్లీషు ఊరికి. అప్పుడు మధ్యాహ్నం నాలుగింటికే చీకటి. కలిసిన ప్రతివాళ్ళూ ఒకటే మాట: వేసవి రానీ, అప్పుడు చూడు ఈ ఊరు. వేసవి కోసం మన్‌యీ కూడా ఎదురుచూసింది. తీరా వచ్చాక తెలిసింది, వేసవంటే తెల్లవారుఝామున నాలుగింటికే వెలుతురొచ్చి అత్తగారు లేచిపోవడం, రాత్రి పది దాకా వెలుతురుండి ఎవరూ పడుకోకపోవడం. పొద్దు పెరిగింది, పని కూడా దానితోపాటే పెరిగింది. కిన్‌బో ఆరింటికి గిడ్డంగిలో పనికెళ్ళి రెండున్నరకి వస్తాడు. వచ్చి కర్టెన్లు మూసి పడుకుంటాడు. అక్కడ హాంగ్‌కాంగ్‌లో అతను కార్ఖానాలో నాణ్యత చూసే అధికారి. ఇక్కడ అట్టపెట్టెలు మోస్తాడు. నడుం పట్టేసిందని ఎప్పుడూ అనడు, కూచునేటప్పుడు మాత్రం గోడ పట్టుకుంటాడు. మన్‌యీ అది చూసి చూడనట్టుంటుంది. చూసినట్టు అతనికి తెలిస్తే అతను ఇంకొంచెం చిన్నవాడైపోతాడని ఆమెకి తెలుసు. ఇలాంటివి తెలియడం ఆమెకి చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు.

ఆమె పదకొండేళ్ళు ట్రామ్ నడిపింది. రెండంతస్తుల బండి, ఇరుకు వీధి, పట్టాల మీద కూరగాయల బుట్టలు, అడ్డంగా నడిచే ముసలమ్మలు. ఎడమ చేత్తో వేగం, కుడి చేత్తో బ్రేకు, పాదం కింద గంట. ఇప్పటికీ సింకు ముందు నిలబడి గిన్నెలు తోముతుంటే ఆమె కుడి పాదం ఉన్నట్టుండి నేలని నొక్కుతుంది. ఎవరో అడ్డం వచ్చినట్టు. ఎవరూ ఉండరు.

పోయిన ఆదివారం పార్కులో హాంగ్‌కాంగ్ వాళ్ళంతా కలిసి మాంసం కాల్చుకుంటుంటే ఎవరో కిన్‌బోని అడిగారు, "మీ ఆవిడ డ్రైవరటగా?" అని. కిన్‌బో కోడి రెక్కలు తిరగేస్తూ, "ఆఁ, ట్రామ్ డ్రైవరు. దానికి స్టీరింగుండదు. పట్టాలెటు తీసుకెళ్తే అటే పోవాలి. అందుకే నాకు సరిపోయింది," అన్నాడు. అందరూ నవ్వారు. ఆడవాళ్ళు ఎక్కువ నవ్వారు. మన్‌యీ కాగితం పళ్ళాలు పంచుతోంది. ఒకరికే రెండుసార్లు పళ్ళెం ఇచ్చింది.

ఆ సంగతి కిన్‌బో గుర్తుపెట్టుకుని ఉండడు. అతని మనసులో విషం లేదు, విషమైతే విరుగుడన్నా ఉండేది.

ఊళ్ళో తిరిగే బస్సుల వెనక 'డ్రైవర్లు కావాలి, నడపడం మేమే నేర్పుతాం' అని రాసుంటుంది. ఏప్రిల్‌లో ఆమె దరఖాస్తు పెట్టింది. మేలో రాతపరీక్ష. జూన్‌లో డిపోకి పిలిచి మాట్లాడారు. షమీమ్ అనే యాభై ఏళ్ళావిడ కొత్తవాళ్ళకి నడపడం నేర్పుతుంది. ఆవిడ ట్రామ్ గురించి అరగంట అడిగింది. పాదం కింద గంట ఎలా మోగుతుందో నిలబడి చూపించమంది. మన్‌యీ నిలబడి చూపించింది. గదిలో ఉన్న ముగ్గురూ చప్పట్లు కొట్టారు. చివర్న షమీమ్ అంది, "నీ చేతికి బండిచ్చి ఓసారి చూస్తాం. తారీఖు మెయిల్‌లో వస్తుంది."

మెయిల్ అంటే కిన్‌బో ఫోన్. మన్‌యీ పాత మెయిల్ హాంగ్‌కాంగ్ ఫోన్ నంబరుకి ముడిపడి ఉండేది, ఆ నంబరు పోయాక అదీ పోయింది. ఇక్కడికొచ్చాక స్కూలుకీ, డాక్టరుకీ, కరెంటుకీ కలిపి కిన్‌బో ఇంటికంతా ఒకటే మెయిల్ పెట్టాడు. ఒకచోటుంటే ఏదీ తప్పిపోదన్నాడు.

ఇరవైమూడు రోజులైంది. రోజూ సాయంత్రం ఆమె అడుగుతుంది, "ఏమైనా వచ్చిందా?"

"వస్తే చెప్పనా? ఇక్కడివాళ్ళు అన్నీ నెమ్మది."

ఆ ఉద్యోగమొస్తే ఎలా చేయాలో ఆమె మనసులో వంద సార్లు సర్దుకుంది. మధ్యాహ్నం మూడింటి నుంచి పని అడుగుతుంది. పొద్దున అత్తగారి స్నానం, బట్టలు, వంట అన్నీ అయిపోతాయి. రెండున్నరకి కిన్‌బో వచ్చేస్తాడు. సాయంత్రం అన్నం వేడిచేసి పెట్టుకోవడమే. ఒక్క భోజనం. ఆ ఒక్క భోజనం దగ్గరే ఆమె లెక్క రోజూ ఆగిపోయేది, ఎందుకంటే భోజనమంటే అన్నం ఒక్కటే కాదు.

ఆ ఇంట్లో కోడలు పిలిస్తేగాని ఎవరూ ముద్దెత్తరు. అందరూ కూచున్నాక, "అత్తయ్యా, అన్నం తినండి," అనాలి. తరవాత పిల్ల వరసగా, "నానమ్మా అన్నం తినండి, నాన్నా అన్నం తిను, అమ్మా అన్నం తిను." అప్పుడు అత్తగారు చెంచా ఎత్తుతుంది, అప్పుడు మిగతావాళ్ళు. మన్‌యీని ఆ ఇంట్లో పెద్దవాళ్ళెవరూ పిలవరు, పిలవక్కర్లేదు. హాంగ్‌కాంగ్‌లో సాయంత్రం డ్యూటీ పడ్డ రోజుల్లో ఆమె ఏడింటికి డిపో నుంచి ఇంటికి ఫోన్ చేసేది. కిన్‌బో స్పీకరు పెట్టి ఫోన్‌ని బల్ల మీద, గిన్నెల మధ్య నిలబెట్టేవాడు. ఆమె డిపోలో, గోడవైపు తిరిగి, "అత్తయ్యా, అన్నం తినండి," అనేది. వెనక తోటి డ్రైవర్లు నవ్వుకునేవాళ్ళు. ఫోన్లోంచి చెంచా గిన్నెకి తగిలిన చప్పుడొచ్చాక పెట్టేసేది. పద్నాలుగేళ్ళలో ఒక్క పూట తప్పలేదు.

*

పదకొండింటికి బార్లీ కోసం బస్సెక్కింది. ఎప్పటిలాగే ముందు సీటు, డ్రైవరు చేతులు కనిపించే చోటు. కిటికీలన్నీ తెరిచినా బస్సు పొయ్యిలా ఉంది. ఆసుపత్రి దగ్గర నీలం చొక్కా వేసుకున్న షమీమ్ ఎక్కి, డ్రైవరుతో ఏదో పరాచికమాడి, మన్‌యీని చూసి ఆగింది.

"ట్రామ్ అమ్మాయివి కదూ!" పక్కనే కూలబడింది. "రానన్నావేంటమ్మా నువ్వు? ఎంత బాధేసిందో తెలుసా?"

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి, మా దగ్గరికి. తారీఖిచ్చాం, రెండో రోజుకే నీ మెయిలొచ్చింది. అత్తగారి ఆరోగ్యం బాగాలేదు, ఇంట్లో అందరం ఆలోచించుకున్నాం, మీరిచ్చిన గౌరవానికి రుణపడి ఉంటాను అని. ఇంత మర్యాదగా కాదన్నవాళ్ళని ఇరవయ్యేళ్ళలో చూళ్ళేదని మా మేనేజరుకి చదివి వినిపించా."

బస్సు మలుపు తిరిగింది. ఇద్దరూ ఒక పక్కకి ఒరిగి మళ్ళీ సర్దుకున్నారు. మన్‌యీ డ్రైవరు చేతులకేసే చూస్తోంది. మలుపు అతను కొంచెం తొందరగా తీసుకున్నాడు అనుకుంది. ఆ సమయంలో మనసు అలాంటిదాన్ని ఎలా గమనించిందో తరవాత ఆమెకే ఆశ్చర్యమేసింది.

షమీమ్ గొంతు తగ్గించింది. "నువ్వే రాశావు కదమ్మా?"

అడిగేతీరులోనే తెలిసిపోయింది, ఆవిడకి ఇలాంటి ఇళ్ళు తెలుసని. ఎదుటి మనిషి ఒక తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది. లేదు, నేను రాయలేదు, నాకు తెలీదు. రెండు మూడు మాటలు. ఆ మాటలకి కావలసిన ఇంగ్లీషు మన్‌యీ దగ్గరుంది.

"అవును," అంది. "నేనే రాశాను."

"సరే మరి." షమీమ్ ఆమె మోకాలి మీద ఒకసారి తట్టింది. "రానన్నవాళ్ళని ఏడాది దాకా మళ్ళీ పిలవకూడదని పైవాళ్ళ రూలు. లేకపోతే రేపే రమ్మందును. మీ అత్తగారు త్వరగా కోలుకోవాలి."

తరవాతి స్టాపులో దిగిపోయింది. మన్‌యీ బజారు దగ్గర దిగలేదు. చివరి స్టాపు దాకా వెళ్ళి, అదే బస్సులో, అదే సీట్లో వెనక్కొచ్చింది. వస్తూ దారిలో దిగి బార్లీ కొంది. మర్చిపోలేదు.

*

మూడు గంటలకి గిన్నె పొయ్యి మీదికెక్కింది. గుమ్మడికాయ చెక్కుతోనే పెద్ద ముక్కలు కోసింది. ఎముకలు ఓ పొంగు రానిచ్చి, ఆ నీళ్ళు పారబోసి, కడిగి, మళ్ళీ వేసింది. బార్లీ, ఎండు ఖర్జూరాలు, అల్లం ముక్క. మంట సన్నం చేసింది. ఇక మూడు గంటలు. పైన తేలే తెట్టు తియ్యడానికి ఎవరో ఒకరు దగ్గర నిలబడాలి. పై గదిలో కిన్‌బో పడుకున్నాడు. ముందుగదిలో ఫ్యాను ముందు అత్తగారు కునుకు తీస్తోంది. ఊళ్ళో ఏ కొట్లోనూ ఫ్యాన్లు లేవు, ఉన్నది ఆ ఒక్కటే.

కోపం రావాలి కదా అనుకుంది మన్‌యీ. తడిబట్టల మధ్య జేబురుమాలు వెతికినట్టు లోపలంతా వెతికింది. దొరకలేదు. దానికి బదులు ఆమె మనసు అప్పుడే కిన్‌బో తరఫున మాటలు పేరుస్తోంది. అమ్మకి ఈ ఎండల్లో ఏమైనా అయితే? పిల్లకి వచ్చే వారం నుంచి ఆరువారాలు సెలవులు. రోజంతా పెట్టెలు మోసొచ్చినవాడికి వేడి సూప్ ఒక్కటేగా మిగిలింది. అతను చెప్పబోయేవన్నీ అతనికంటే బాగా ఆమే చెప్పగలదు. ఇన్నేళ్ళూ దీన్నే ఆమె ప్రేమనుకుంది, కనీసం మంచితనమనుకుంది. ఇప్పుడు ఆవిరి మొహాన కొడుతుంటే అనిపించింది, ఇదొక అద్దె గదేమో, తన లోపల తను తప్ప అందరూ కాపురముంటున్నారేమో అని.

అయినా బస్సులో 'నేనే రాశాను' అని ఎందుకంది? కిన్‌బో పరువు కోసమా? కాదు. ఆ మాట ముందు తనకి తను చెప్పుకుని, అబద్ధమని పక్కన పెట్టింది. డిపోలో ఆ గదిలో ముగ్గురు మనుషులు ఆమెకి చప్పట్లు కొట్టారు. ఈ దేశంలో ఆమెని ట్రామ్ నడిపిన మనిషిగా చూసిన కళ్ళు ఆరంటే ఆరే. నేను రాయలేదు అన్న మరుక్షణం షమీమ్ కళ్ళలో ఆ మనిషి పోయి, అయ్యో పాపం అనిపించుకునే ఆడది వచ్చి కూచుంటుంది. దాన్ని చూడలేక, ఆ మనిషిని కాపాడుకుందామని, ఆమె ఉద్యోగాన్ని వదులుకుంది. తలుపు మూసింది కిన్‌బో, గొళ్ళెం తనే పెట్టుకుంది. తెట్టు తీసింది. చెంచా కడిగింది. మళ్ళీ తెట్టు తీసింది. చెమట గడ్డం మీంచి జారి ఒక చుక్క సూపులో పడింది. చూసి ఊరుకుంది.

నాలుగింటికి వీధిలో ఐస్‌క్రీం బండి పాట పెట్టుకుని వచ్చింది. స్కూలు నుంచి వచ్చిన కూతురు చింగ్ సంచీ విసిరేసి పరిగెత్తింది. దానికి పదకొండేళ్ళు. ఈ ఊరి యాస దానికి ఆర్నెల్లలో పట్టుబడింది.

ఐదున్నరకి కిన్‌బో కిందికి దిగి, నీళ్ళు తాగి, గిన్నె మూతెత్తి వాసన చూశాడు. "ఆహా. ఇదీ వేసవంటే."

"ఈవేళ బస్సులో షమీమ్ కనిపించింది," అంది మన్‌యీ.

అతను మూత మెల్లగా దించాడు. చప్పుడు కాకుండా దించాడు. దాంతో అన్నీ తెలిసిపోయాయి.

"చెప్దామనే అనుకున్నా."

"రోజూ అడిగాను."

"అడుగుతుంటే ఎలా చెప్పను? నువ్వే చెప్పు. ఇదిగో, మొహం అలా పెట్టకు. ఆలోచించు ఒకసారి. అమ్మని చూసుకునేది నువ్వని మనమే రాసిచ్చాం. నువ్వు బస్సెక్కి కూచుంటే ఆ కాగితం అబద్ధమైపోదూ? రేపెవరన్నా వచ్చి అడిగితే?"

"మధ్యాహ్నం నుంచి నువ్వుంటావు కదా."

"నేనా? అమ్మని బాత్రూముకి నేను తీసుకెళ్ళాలా? నీకు సిగ్గులేకపోయినా ఆవిడకుంటుంది."

ముందుగదిలో ఫ్యాను చప్పుడు మారింది. అత్తగారు లేచింది, వింటోంది. "గొడవెందుకురా," అంది అక్కడినుంచే. "ట్రామ్ నడిపి నడిపి చేతులు మొద్దుబారాయి పిల్లకి. ఇక్కడన్నా సుఖపడనీ అని నేనే అన్నా."

అంటే ఆవిడకీ తెలుసు.

"వచ్చే వేసవికి చూద్దాం," అన్నాడు కిన్‌బో, గొంతు మెత్తబరిచి. "నీకోసమే చేశా. మర్యాద తక్కువ కాకుండా రాయించా, కావాలంటే చూడు. చింగే రాసింది. దాని ఇంగ్లీషు చూస్తే నాకే గర్వమేసింది."

వంటింటి గుమ్మంలో చింగ్ నిలబడి ఉంది. చేతిలో ఇంకా ఆ ఐస్‌క్రీం పుల్లే, పెదాలు ఎర్రగా.

"నువ్వా?" అంది మన్‌యీ.

"నాన్న చెప్పాడు, నేను రాశా." పిల్ల తండ్రికేసి చూసి, తల్లికేసి చూసింది. "నీకు తెలుసన్నాడు. నేనడిగానమ్మా, అమ్మకి తెలుసా అని. కాదని మర్యాదగా ఎలా రాయాలో స్కూల్లో నేర్పించారు మాకు. నేను... బాగా రాయలేదా?"

బాగానే రాశావని అనాలి. అనాలని మన్‌యీకి తెలుసు, పిల్ల కళ్ళు అప్పటికే తడుస్తున్నాయి. అమ్మలా మాట్లాడటం దానికి ఇంత తేలిగ్గా ఎలా వచ్చింది? 'ఇంట్లో అందరం ఆలోచించుకున్నాం.' ఆ వాక్యం స్కూల్లో నేర్పి ఉండరు. అది ఈ ఇంట్లోనే, ఈ బల్ల దగ్గరే నేర్చుకుని ఉంటుంది, చూసి.

"చేతులు కడుక్కో," అంది. "భోజనాల వేళైంది."

*

ఆరున్నరైనా ఎండ తగ్గలేదు, బల్ల మీద నిలువునా పరుచుకుంది. నాలుగు గిన్నెల్లో సూప్, నాలుగు గిన్నెల్లో అన్నం, మధ్యలో ఆకుకూర, ఉప్పుచేప. అత్తగారికి చాప్‌స్టిక్స్ పట్టుకోవడం రాదిప్పుడు, ఎడమ చేతివైపు చెంచా పెట్టింది. గుమ్మడి ముక్కలు అద్దంలా ఉడికాయి. అందరూ కూచున్నారు. మన్‌యీ కూడా కూచుంది.

కిన్‌బో చాప్‌స్టిక్స్ సమంగా పట్టుకుని ఆగాడు. అత్తగారు చెంచా పక్కన చెయ్యి పెట్టి ఆగింది. చింగ్ తన వంతు కోసం ఆగింది.

మరీన్ తోటలో రేడియో ఏదో పాత పాట పాడుతోంది. బయట పిల్లలెవరో నీళ్ళు చల్లుకుంటూ కేకలేస్తున్నారు.

"ఊఁ," అన్నాడు కిన్‌బో.

రెండు మాటలు. ఇన్నేళ్ళుగా నాలుక మీద తనంతట తనే పుట్టే రెండు మాటలు. అనకూడదని మన్‌యీ అనుకోలేదు. అనబోయి చూసుకుంటే నోట్లో ఏమీ లేదు, అంతే. నీళ్ళు రాని పంపు తిప్పినట్టుంది. అత్తగారు ఆమెకేసి చూడటం లేదు, సూపుకేసి చూస్తోంది. పక్షవాతం తెలియనివ్వకుండా నిటారుగా కూచుంది. ఆకలేస్తున్నా ఎత్తదు. ఈవిడ కూడా ఒకప్పుడు ఎవరినో పిలిచి ఉంటుంది, పిలుస్తూ పిలుస్తూ ముసలిదై ఈ వైపుకొచ్చి ఉంటుంది అని తోచింది మన్‌యీకి. వెంటనే జాలి పుట్టింది. పాత జబ్బు. ఆ జాలికేసి కాసేపు చూసి, దాన్ని ముట్టుకోకుండా పక్కన పెట్టింది. బల్ల కింద కుడి పాదం నేలని నొక్కుతోంది.

"సూప్ చల్లారుతోంది," అన్నాడు కిన్‌బో నవ్వబోతూ. "ఇంత ఎండలో ఇంత కష్టపడి చేశావు. కానీ మరి." బల్ల కింద అతని మోకాలు ఆమెకి తగిలింది. "ఏయ్. ఏంటిది, పిల్ల ముందు?"

అత్తగారు చెంచా పక్కనుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "నా కొడుకింట్లో నన్ను ఆకలితో కూచోబెట్టే రోజొచ్చింది," అంది, ఎవరితోనో అన్నట్టు.

ఎండ పలక ఆకుకూర మీంచి ఉప్పుచేప మీదికి జరిగింది.

చింగ్ ముగ్గురి మొహాలూ చూసింది. ఇంట్లో ఏదో విరిగిపోతోందని దానికి అర్థమైంది, అతికించడం తన చేతిలో ఉందనీ అర్థమైంది. కుర్చీలో ముందుకి జరిగి, గొంతు కొంచెం పెద్ద చేసుకుని, తల్లి గొంతులో ఉండే ఆ అణకువతోనే, ఆ సాగదీతతోనే అంది.

"నానమ్మా, అమ్మ మిమ్మల్ని అన్నం తినమంటోంది."

కిన్‌బో ఊపిరి వదిలాడు. అత్తగారు తల పంకించి చెంచా ఎత్తింది. పిల్ల మొహం తేలికపడి, మెచ్చుకుంటుందని తల్లివైపు తిరిగింది.

మన్‌యీ కూతురి కళ్ళలోకి చూసింది.

"నేను అనలేదు," అంది.